రెండు పెద్ద బళ్లు, ఒక చేపల లోడు

ఆ రోజుల్లో మా పల్లెలో ఎవరైనా మోటారు సైకిలు కొనాలనుకుంటే ముందు దేవుడికి మొక్కి తరవాత నా దగ్గరికి వచ్చేవారు. (నా మాట విన్నాకే దేవుడికి మొక్కుకునేవారని మా ఆవిడ అంటుంది. దాని మాటలు పట్టించుకోకండి.) భోగాపురం అవతల సముద్రం ఒడ్డున పల్లె మాది. తెల్లవారి పడవలు ఒడ్డుకు చేరగానే చేపలు కొని, ఐసు పెట్టెలో సర్ది, పెట్టెను బండి వెనక ఇనప చట్రానికి కట్టి, యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న శృంగవరపుకోట (మాకు ఉత్త కోటే) బజారుకు చేర్చడం నా పని. అక్కడ కూర్చుని అమ్మడం మా ఆవిడ పని. ఇరవై రెండేళ్లు అదే దారి. ఆ దారిలో మూడు బళ్లు అరిగిపోయాయి గానీ నేను అరగలేదు. నలభై ఆరేళ్లు నిండేదాకా నాకు అక్షరం ముక్క రాదు. లైసెన్సు కావాలంటే పరీక్ష పాసవ్వాలన్నారని మా పెద్దమ్మాయి ముందు పలక పట్టుకుని కూర్చుని అ ఆలు దిద్దాను. (అప్పటిదాకా బండి ఎలా నడిపావని అడక్కండి.) ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ చదువుతోనే. తప్పులుంటే పంతులమ్మవి.

అక్షరాలు ఆలస్యంగా వచ్చినా బండిని చదవడం మాత్రం ముందే వచ్చింది. ఇంజను చప్పుడు విని దాని వయసు చెప్పేవాడిని. పొగ వాసన చూసి యజమాని పిసినారో కాదో చెప్పేవాడిని. నాకొక పద్ధతి ఉండేది. ఖాళీ బండిని ఎవడైనా మెచ్చుకుంటాడు. లోడు వేసి, వెనక మనిషిని ఎక్కించి, గతుకుల్లో నడిపితేనే దాని గుణం బయటపడుతుంది. అందుకని నా పరీక్షకు వచ్చిన ప్రతి బండీ మా ఆవిడనూ ఒక ఐసు పెట్టెనూ మోసి తీరాల్సిందే. పెళ్లికొడుకు ఎక్కబోయే బండి అయినా సరే, పసుపు రాయక ముందు నా చేపల నీళ్లు తగిలేవి.

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడు మా అల్లుడు ఓడ దిగి ఇంటికొచ్చాడు. అల్లుడంటే పరాయివాడు కాదు, మా అక్క కొడుకే. సరుకుల ఓడలో ఇంజను గదిలో పని. పెళ్లయిన రెండేళ్లలో మా పెద్దమ్మాయిని గట్టిగా రెండు నెలలు చూశాడో లేదో. ఈసారి దాన్ని బండి మీద కన్యాకుమారి దాకా తిప్పి తీసుకొస్తానని మాట ఇచ్చాడట.

"మావా, రెండు బళ్లు సూసుంచాను. ఏదో ఒకటి కొనాల. నువ్వేదంటే అదే" అన్నాడు.

"ఏ కంపెనీవిరా?"

"పేర్లు సెప్తే నీకు నోరు తిరగదు. ఒకటి ఎర్రది, ఒకటి బూడిద రంగుది. అంతే అనుకో."

ఆ రెండూ గరివిడిలో ఉండే ఒక ఇంజనీరు గారివి. మా అల్లుడికి ఫోనులో పరిచయమైన మనిషి. ఈ రెండు బళ్లూ నేనూ, ఇంట్లో మూడు ప్రాణులకు చోటు చాలదు, ఆ రెండింటిలో ఒకటి పోవాలి, లేదంటే నేను పోతానని ఆయన భార్య చెప్పేసిందట. ఏది అడిగితే అది ఇస్తాను, మిగిలినది ఉంచుకుంటాను అన్నాడట ఆయన. అంటే తీర్పు పూర్తిగా నా చేతిలో పడింది. అల్లుడి రెండేళ్ల ఓడ కష్టం ఒకవైపు, కన్యాకుమారి దాకా వెళ్లి రావలసిన నా కూతురు ఒకవైపు, ఊళ్లో నా పేరు ఇంకోవైపు. తప్పుడు బండి చెప్పానంటే మర్నాటి నుంచి నన్ను సైకిలు గురించి కూడా ఎవరూ అడగరు.

ఒక సాయంత్రం ఇంజనీరు గారు బూడిద దాని మీద, మా అల్లుడు ఎర్ర దాని మీద వచ్చి మా గుమ్మం ముందు ఆగారు. చూసి నేను అరుగు మీద నుంచి లేవడం మరిచిపోయాను. బండి అంటే రెండు చక్రాల మధ్య ఖాళీ ఉంటుందని నాకు తెలుసు. వీటికి ఎక్కడా ఖాళీ లేదు, మొత్తం ఇంజనే.

"నీ బండి ఇంజను వంద సీసీలైతే దీనిది పదమూడొందలు మావా. నాలుగు సిలిండర్లు."

"ఒక్క మనిసిని మొయ్యడానికి నాలుగెందుకురా?"

ఇంజనీరు గారు మర్యాదస్తుడు. నవ్వకుండా చెప్పాడు. "పెద్దాయనా, రెండూ దూరప్రయాణం బళ్లే. కాకపోతే జోరు, సుఖం పాళ్లలో తేడా. ఎర్రదాని మీద ముందుకు వంగి కూర్చోవాలి. మలుపుల్లో దానికి తిరుగు లేదు. ఎనిమిదేళ్లుగా నడుపుతున్నాను, ఒక్కరోజు విసుగు రాలేదు. బూడిదది బరువెక్కువ, ఊళ్లో నెమ్మదిగా పోతే కాళ్లకు వేడి కొడుతుంది. కానీ నిటారుగా కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోవచ్చు. ముందు అద్దం గాలిని ఆపేస్తుంది. దీనికి గొలుసు కూడా లేదు."

"గొలుసు నేకుండా ఎనక చక్రం ఎలా తిరుగుతాదండీ?"

"లోపల ఒక కడ్డీ తిప్పుతుంది."

ఇరవై రెండేళ్ల నా అనుభవంలో సగం గొలుసు బిగించడంలో, దానికి నూనె వేయడంలో గడిచిపోయింది. ఆ సగం ఒక్క మాటతో పనికిరాకుండా పోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అయితే బూడిదదానిలో ఒక్క సంగతి మాత్రం నాకు వెంటనే అర్థమైంది. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి గట్టి పెట్టెలు. మూత ఎత్తి చూశాను. అంచు చుట్టూ రబ్బరు. లోపలి నీళ్లు బయటికి కారవు, బయటి వేడి లోపలికి పోదు. బరువు రెండు వైపులా సమానం. ఇరవై రెండేళ్లుగా ఐసు నీళ్లు కారి నా బండి చట్రాలు ఎన్ని తుప్పు పట్టాయో నాకే తెలుసు. ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని ఈ పెట్టె చేసినవాడు తప్పకుండా మనవాడే, చేపలవాడే అనుకున్నాను. కళ్లు చెమ్మగిల్లాయి కూడా.

తెల్లారింది. ఇంజనీరు గారు తెప్ప మీద సముద్రంలోకి వెళ్లి చూడాలని ముచ్చటపడ్డాడు. అల్లుడు తాళం నా చేతిలో పెట్టి, "మేం ఎల్లొచ్చేలోగా బూడిదదాని మీద ఓ సుట్టు తిరిగి సూడు మావా" అన్నాడు. ఓ చుట్టు అంటే వాడి లెక్కలో తారు రోడ్డు దాకా. నా లెక్కలో శృంగవరపుకోట దాకా.

మా ఆవిడ ఐసు గంప పట్టుకుని పెట్టెల ముందు నిలబడింది. "బావా, ఈటిలోన సేపలెట్టొచ్చా? ఆ బాబు ఏటనుకుంటాడో."

"పెట్టిలు మరి దేనికున్నాయే, పూజకా?"

"ఇందులో సంచేదో ఉన్నాది."

"తీసి లోపలెట్టు. బేగి కానీ."

ఒక పెట్టెలో కోనాం చేప ముక్కలు, ఒక పెట్టెలో చందువా చేపలు, పైన ఐసు. మూత వేస్తే టక్కుమని పడింది. మామూలుగా మా ఆవిడ కూర్చునే చోటు నాకూ చేపల పెట్టెకూ మధ్య జానెడు. ఈ బండి మీద దానికి విడిగా ఒక సీటు, వీపుకు దన్ను, పట్టుకోవడానికి పిడులు. ఎక్కి కూర్చుని, "ఓలమ్మ!" అంది.

పెద్ద రోడ్డెక్కాను. నా బండి మీద వేగం ఎంతో తెలుసుకోవడానికి ముల్లు చూడక్కర్లేదు. నలభైకి అద్దాలు వణుకుతాయి, యాభైకి పళ్లు కదులుతాయి, అరవైకి భయమేస్తుంది. ఇందులో ఏదీ వణకలేదు. చప్పుడు కూడా లేదు. ఏటి, బండి ముందుకు పోవడం లేదా అని ఇంకాస్త తిప్పాను. కొబ్బరిచెట్లు వెనక్కి పరిగెత్తుతుంటే అనుమానం వచ్చి కిందికి చూశాను. నూట పన్నెండు. నా చదువు మీద నాకే నమ్మకం పోయింది. ఇంకోసారి కూడబలుక్కుని చదివాను. నూట పన్నెండే. ఎక్సిలేటరు ఒక్కసారి వదిలేసి రోడ్డు పక్కకు తెచ్చి ఆపాను. వెనక ఉలుకూ పలుకూ లేదు. మా ఆవిడ తల నా వీపు మీద బరువుగా వాలి ఉంది.

"ఏటే! ఏటైపోయినావే!" అని అరిచాను.

అది కళ్లు నులుముకుంది. "కోటొచ్చేసిందా? నిద్దరట్టేసింది బావా."

పెళ్లయిన ఇన్నేళ్లలో బండి మీద అది నిద్రపోవడం నేను చూడలేదు. భయంతో స్పృహ తప్పి, సిగ్గుపడి నిద్ర అంటోంది అనుకున్నాను. (మగవాడి బుర్ర ఇలాంటి చోటే బాగా పనిచేస్తుంది.) విజయనగరం బజార్లో నెమ్మదిగా పోతుంటే ఇంజనీరు గారు చెప్పిన వేడి పిక్కలకు తగిలింది. ఎలాగో శృంగవరపుకోట చేరాను. మా ఆవిడ రోజూ ఊరి మొదట్లో కలప అడితి దగ్గర దిగి నడిచి వచ్చేది. ఆ రోజు దిగనంది, నేరుగా బజారులోకే వచ్చింది. అక్కడ పదిమందీ చూస్తుండగా దర్జాగా తిప్పి ఆపబోతే చేప పొలుసుల మీద నా కాలు జారింది. ఆ బండి పరిగెడుతున్నంతసేపూ దూదిపింజ, ఆగితే రోకలిబండ. నా ప్రాణమంతా పెట్టి పట్టుకున్నా మర్యాదగా, తొందర లేకుండా, పక్కకు ఒరిగి పడుకుంది. మా ఆవిడ మాత్రం గుర్రం దిగినట్టు పక్కకు దిగి నిలబడింది. ఆరుగురు పట్టి లేపారు. పెట్టె మీద గీత పడింది గానీ మూత ఊడలేదు, చుక్క నీళ్లు కారలేదు.

"ఏటి మరిదీ, ఏనుగెక్కి వచ్చినావు, దిగడం నేర్సుకోనేదా?" అంది ఎండుచేపలమ్మే వదిన. బజారంతా నవ్వింది.

ఈలోగా మా ఆవిడ బొడ్లో ఫోను మోగింది. "కోటలో ఉన్నాం అల్లుడూ, బేరంలో ఉన్నాను" అని చెప్పి కట్టేసింది. బండి నిలబెట్టి, రెండు పెట్టెలూ తెరిచి, వాటిలోంచే తీసి అమ్మడం మొదలుపెట్టింది. చాలా సదుపాయంగా ఉంది. గంట పైన గడిచాక ఎర్రబండి వచ్చింది. అల్లుడు నడుపుతున్నాడు, ఇంజనీరు గారు వెనక ఉన్నాడు. ఆయన దిగాడు గానీ నిలబడలేదు. కూర్చున్నట్టే వంగి, నడుం మీద చేతులు వేసుకుని, అలాగే నాలుగడుగులు వేసి మా ఆవిడ ముందుకు వచ్చాడు. పెట్టెల్లోకి చూశాడు. ఆయన నోరు తెరుచుకుంది.

"అమ్మా... ఆ పెట్టెలో..."

"సందువా బాబూ. తాజాది. ఎంత తుయ్యమంటారు?"

"ఆ పెట్టెలో నేను మా ఆవిడ పట్టుచీరలు పెట్టి తిరుపతి తీసుకెళ్లానమ్మా!"

ఆ మాటతో నాకు పిడుగు పడ్డట్టయింది. చేపల పెట్టెలో చీరలా? ఎంత చదువుకున్నవాళ్లైనా ఏ వస్తువు ఎందుకో తెలియకపోతే ఎలా అని మొదట ఆయన మీదే కోపమొచ్చింది. అల్లుడి మొహం చూశాక తప్పు ఎవరిదో అర్థమైంది.

"మావా! ఓ సుట్టంటే కోటా? సేపలెవరెట్టమన్నారు?"

"లోడెయ్యకుండా బండేటి తెలుస్తాదిరా?"

ఇంజనీరు గారు గొంతు తగ్గించి అడిగాడు. "పెద్దాయనా, ఈ వాసన పోతుందా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "పోతాదండీ. ఓ రెండేళ్లు."

ఆయన పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. ఆయన బాధ చూడలేక, రెండోది కూడా పరీక్షించేస్తానని ఎర్రదాని తాళం పుచ్చుకున్నాను. దానికి పెట్టెలు లేవు, లోడు కట్టే వీలు లేదు. మా ఆవిడ సరుకు ఇంకా అమ్ముడుపోలేదు. అందుకని నా పద్ధతి పక్కన పెట్టి, అరకు వైపు కొండ మలుపులు మొదలయ్యే చోటికి ఒక్కడినే వెళ్లాను. వంగి కూర్చుంటే పొట్ట పెట్రోలు టాంకుకు ఆనింది. మొదటి మలుపులో భయమేసింది. రెండోదానిలో భయం పోయింది. మూడోదానిలో నాకు పాతికేళ్లు వచ్చాయి. అలా అనుకుంటే చాలు, ఇలా వంగేది. తిరిగొచ్చేసరికి మణికట్లు లాగేస్తున్నాయి, మెడ పట్టేసింది. అవేవీ ఎవరికీ చెప్పలేదు. బజారు మధ్య నిలబడి నా తీర్పు చెప్పాను.

"ఎర్రదే. ఇంకో మాట నేదు."

అల్లుడు మొహం వెలిగింది. చేపల వాసన బండి తనకే మిగిలిందని తెలిసి ఇంజనీరు గారి మొహం ఆరిపోయింది. మా ఆవిడ కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"నా కూతురెక్కడ కూకుంటాది?"

"ఎనకాల."

"ఎనకాల నువ్వు కూకున్నావా?"

"నడిపేవోడు ఎనకాల ఎందుకు కూకుంటాడే?"

అది ఎర్రబండి వెనక సీటు ఎక్కి చూపించింది. అరచేతి వెడల్పు సీటు, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, కొబ్బరిచెట్టు మీద కాకిలా ఉంది. "బాబూ, మీరు సెప్పండి. ఎలాగొచ్చారు దీని మీద?"

ఇంజనీరు గారు నిజాయితీపరుడు. "మీ అల్లుడు బాగానే నడిపాడమ్మా. విజయనగరం దాటాక నాకే కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. ఎనిమిదేళ్లుగా ఈ బండి గొప్పని అందరికీ చెబుతున్నాను. వెనక కూర్చోవడం ఇదే మొదలు. మా ఆవిడ దీన్ని చూస్తే ఎందుకు మొహం తిప్పుకుంటుందో ఇప్పుడు తెలిసింది."

నాకు రోషం వచ్చింది. నా తీర్పు మీద బజార్లో విచారణా? "సీటుదేటుందే! ఇరవై రెండేళ్లు నా బండి మీద కూకోనేదా? ఒక్కనాడైనా నొప్పన్నావా?"

అది నా వైపు తిరిగింది. "రోజూ అడితి కాడ దిగిపోయి నడిసొస్తాను గదా. ఎందుకనుకున్నావు బావా?"

"నడకంటే నీకిష్టమని."

ముందు ఎండుచేపల వదిన నవ్వింది. తరవాత ఆ వరసలో కూర్చున్న ఆడవాళ్లందరూ నవ్వారు. వాళ్లందరికీ తెలుసని ఆ నవ్వుతో నాకు తెలిసింది.

"నడకిష్టమా! కాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారిపోతే బజార్లో దిగి అందరి ముందూ పడిపోతానని. అడితి కాడైతే దుంగలట్టుకుని దిగొచ్చు. కాసేపు నిలబడితే కాళ్లలోకి పేణం వస్తాది. అప్పుడు నడిసొస్తాను."

బండి ఒరిగి పడినప్పుడు కూడా నేను అంత అదిరిపోలేదు. ఇరవై రెండేళ్లు! బండికి రెండు అద్దాలు ఉన్నాయి. రెండింటిలోనూ నేను చూసింది చేపల పెట్టె కదిలిందా లేదా అనే. పైగా మా ఆవిడ నడక చూసి నేర్చుకోండి, ఆరోగ్యమంటే అదీ అని ఊళ్లో ఆడవాళ్లకు బుద్ధులు చెప్పేవాడిని. వాళ్లు తల వంచుకుని వినేవారు. వినయమనుకున్నాను, నవ్వు ఆపుకుంటున్నారని తెలియదు.

"మరెందుకు సెప్పనేదే?" అన్నాను.

"సెప్తే ఏటి సేద్దువు? పెట్టి దింపేద్దువా, నన్ను దింపేద్దువా?"

పెట్టె దింపితే పొయ్యి వెలగదు, మనిషిని దింపితే చేపలు అమ్ముడుపోవు. అది నాకంటే ముందే లెక్క వేసుకుని ఆ జానెడు చోట్లో కూర్చుంది.

"ఈ రోజు దీని మీద నిద్దరట్టేసింది బావా" అంటూ బూడిదదాని సీటు మీద చెయ్యి వేసింది. "పడిపోతానని బయం నేకపోతే నిద్దరొస్తాదని నాకూ తెల్దు. నా కూతురు దీని మీదే ఎల్లాల."

నేను గొంతు సవరించుకున్నాను. మాట మార్చడం అలవాటు లేని మనిషిని. "అల్లుడూ," అన్నాను, "బూడిదదే కొను."

"అదేటి మావా, ఇంకో మాట నేదన్నావు?"

"నాది నేదు. మీ అత్తది ఉన్నాది."

ఇంజనీరు గారు ఎంత సంతోషపడ్డాడంటే, తిరుగు ప్రయాణంలో ఎర్రబండిని తానే నడుపుకుంటూ, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా, గరివిడి దాకా ఒక్క పరుగున పోయాడట. బండి మా ఇంటికి వచ్చింది. పెట్టెలను చింతపండుతో తోమాం, సున్నం పెట్టాం, మూడు రోజులు ఎండబెట్టాం. అమ్మాయీ అల్లుడూ కన్యాకుమారి వెళ్లారు. అక్కడి నుంచి అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, నడుం నొప్పి నేదు, కాళ్ల నొప్పి నేదు. ఒక్కటే ఇబ్బంది. ఎక్కడ ఆపినా ఆ ఊరి పిల్లులన్నీ సుట్టూ సేరిపోతన్నాయి" అంది.

అల్లుడు మళ్లీ ఓడెక్కే ముందు నేను వాడిని ఒక పని అడిగాను. నా సొంత బండికి ఐసు పెట్టె కట్టి, వాడిని ముందు కూర్చోబెట్టి, ఆ జానెడు చోట్లో నేను కూర్చున్నాను. కోట దాకా పోనిమ్మన్నాను. వెనక పెట్టె అంచు నడుంలో దిగింది. కాళ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. ప్రతి గతుకూ వెన్నులోంచి తలలోకి పోయింది. విజయనగరం పొలిమేర రాగానే ఆపరా ఆపరా అని వాడి భుజం కరిచినంత పని చేశాను. దిగితే కింద నేల ఉన్నట్టు కాళ్లకు తెలియలేదు. కిలోమీటరు రాయిని కౌగలించుకుని నిలబడ్డాను. రోడ్డున పోయేవాళ్లు తాగాననుకున్నారు. వాడు లోడును ఎండుచేపల వదినకు అప్పగించడానికి కోటకు పోయాడు, నేను బస్సులో ఇంటికొచ్చాను.

మా ఆవిడ వల బాగుచేస్తూ గుమ్మంలో కూర్చుని ఉంది. నా నడక చూసి తల ఎత్తింది.

"ఎందాకా ఎల్లావు బావా?"

"ఇజీనారం" అన్నాను సిగ్గుపడుతూ.

"బాగానే ఎల్లావు" అంది. అందులో వెక్కిరింత లేదు. "మొదటి రోజు నాకు బోగాపురంలోనే ఏడుపొచ్చేసింది."

ఆ మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. కొత్త బండి, ఎదురుగాలి, వెనక కొత్త పెళ్లాం. నేను పాట పాడుకుంటూ నడుపుతున్నాను. భోగాపురం దగ్గర వెనక నుంచి ఏదో సన్నగా వినిపించింది. ఆ కుర్రాడు, అంటే నేనే, గాలి కాబోలు అనుకుని పాట ఇంకాస్త గట్టిగా అందుకున్నాడు.